తిండి వ్యసనం ప్రశ్నావళి తెలుగులో ఉంటే చాలదు, ఇక్కడి మనుషుల మీద సరిచూడాలి

సంపాదకులకు నమస్కారం.

‘మీకు తిండి వ్యసనం ఉందా? ఈ పది ప్రశ్నలకు జవాబు చెప్పి తెలుసుకోండి’ అనే తరహా పట్టికలు ఈ మధ్య ఆరోగ్యం పేజీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, వైద్య శిబిరాల్లో పంచే కరపత్రాల్లో తరచుగా కనిపిస్తున్నాయి. ఇంగ్లిషులో ఉన్న ప్రశ్నల్ని ఎవరో ఒకరు కూర్చుని తెలుగు చేస్తారు. ‘అవును’లు లెక్కపెట్టి, ఇన్ని దాటితే వ్యసనమే అని తేల్చేస్తారు. ఆ లెక్క పట్టుకుని ఇంత శాతం మందికి తిండి వ్యసనం ఉందంటూ ప్రాజెక్టు రిపోర్టులు కూడా తయారవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రజారోగ్యం, పోషకాహారం, మానసిక వైద్యం రంగాల్లో పనిచేసేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. తిండి మీద అదుపు తప్పి నిజంగా నలిగిపోయే మనుషులు మన మధ్య ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టే సాధనం మన భాషలో తప్పకుండా కావాలి. ఆ సాధనాన్ని వాడేముందు ఎలా సరిచూస్తారో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో నర్సింగ్, హోంసైన్స్, ఎంబీబీఎస్ విద్యార్థులకైనా తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాం.

ఈ పట్టికల్లో చాలావాటికి మూలం యేల్ ఫుడ్ అడిక్షన్ స్కేల్. అమెరికాలో ఆష్లీ గేర్‌హార్ట్, విలియం కార్బిన్, కెల్లీ బ్రౌనెల్ 2009లో దీన్ని 25 ప్రశ్నలతో తయారుచేశారు. మద్యానికి, మత్తుమందులకు అలవాటుపడ్డవారిలో డాక్టర్లు వెతికే లక్షణాలనే తిండి విషయంలో అడిగారు. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా వైద్యులు వాడే డీఎస్ఎం ఐదో కూర్పు 2013లో వచ్చి ఆ లక్షణాల జాబితా మారింది. దాంతో 2016లో 35 ప్రశ్నల రెండో రూపం, 2017లో దాన్నే 13 ప్రశ్నలకు కుదించిన రూపం వచ్చాయి. పిల్లలకు వేరే రూపం ఉంది. పెద్దల ప్రశ్నల్ని హైస్కూలు పిల్లల చేత నింపించకూడదు.

లెక్క కట్టే పద్ధతిలోనే మొదటి తప్పు జరుగుతోంది. రెండో రూపంలో ప్రతి ప్రశ్నకూ ‘ఎప్పుడూ లేదు’ మొదలుకొని ‘రోజూ’ దాకా ఎనిమిది జవాబులుంటాయి, 0 నుంచి 7 వరకు. ఎంత తరచుగా జరిగితే లెక్కలోకి వస్తుందనేది ప్రశ్న ప్రశ్నకూ వేరు. ఒకదానికి నెలకు ఒకసారి చాలు, ఇంకోదానికి వారంలో కనీసం నాలుగు రోజులు ఉండాలి. ప్రశ్నలన్నీ 11 లక్షణాల కింద సర్ది ఉంటాయి. ఒక లక్షణం కింద ఉన్న ప్రశ్నల్లో ఏ ఒక్కటి ఆ గీత దాటినా ఆ లక్షణం ఉన్నట్టే. రెండు మూడు లక్షణాలుంటే తక్కువ తీవ్రత, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం. అయితే వీటన్నిటికీ మించిన షరతు ఇంకొకటి ఉంది. ఆ తిండి తీరు వల్ల మనిషి బాధపడుతున్నట్టో, రోజువారీ జీవితం దెబ్బతింటున్నట్టో రెండు ప్రశ్నలు విడిగా అడుగుతాయి. ఆ రెండింటిలో ఒక్కటైనా గీత దాటకపోతే 11 లక్షణాలూ ఉన్నా ‘తిండి వ్యసనం’ అనడానికి వీల్లేదు. మన దగ్గర తిరిగే పట్టికల్లో ముందుగా ఎగిరిపోయేవి ఆ రెండు ప్రశ్నలే. సాయంత్రం పూట రెండు ప్లేట్లు పునుగులు ఇష్టంగా తిని హాయిగా పడుకునే మనిషి కూడా రోగుల జాబితాలోకి ఎక్కేది అందుకే.

ఇంకో సంగతి కూడా పాఠకులకు చెప్పాలి. తిండి వ్యసనం అనే పేరుతో ఒక జబ్బు డీఎస్ఎం ఐదో కూర్పులో లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ–11లోనూ లేదు. అదుపు లేకుండా పెద్ద మొత్తంలో తినేసి కుమిలిపోయే బింజ్ ఈటింగ్ రుగ్మత మాత్రం రెండింటిలోనూ ఉంది. తిండిని వ్యసనం అనవచ్చా లేదా అని శాస్త్రవేత్తల్లో వాదన ఇంకా నడుస్తోంది. కాబట్టి ఈ స్కేలు ఇచ్చేది అనుమానం మాత్రమే. నిర్ధారణ డాక్టరు చేతిలో ఉంటుంది.

ఇక తెలుగు చేసే పని. ముందు మూలకర్తలకు రాసి అనుమతి తీసుకోవాలి, ఇదే పని తెలుగులో ఇంకెవరైనా చేస్తున్నారేమో అడగాలి. తర్వాత ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. ఒకరు విషయం తెలిసినవారై ఉండాలి, మరొకరు వైద్యంతో సంబంధం లేని, మామూలు తెలుగు బాగా తెలిసినవారు కావాలి. ఇద్దరూ డాక్టర్లే అయితే వచ్చేది పాఠ్యపుస్తకం తెలుగు. రెండు అనువాదాల్నీ ఎదురెదురుగా పెట్టి ఒకటి చేస్తారు. ఇంగ్లిషు మూలాన్ని ఎన్నడూ చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తారు. మూలానికీ దీనికీ ఎక్కడ తేడా వచ్చిందో ఒక కమిటీ వాక్యం వాక్యం చూస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. మక్కికి మక్కి అనువాదం తిరిగి ఇంగ్లిషులోకి చక్కగా వచ్చేస్తుంది. తెలుగులో అది ఎవరికీ అర్థం కాకపోయినా సరే. అందుకని తిరుగు అనువాదం బాగుందని సంబరపడి అక్కడితో ఆగిపోకూడదు. అసలు పరీక్ష ఆ తర్వాతే.

కమిటీ ఎక్కువ సమయం పెట్టాల్సింది తిండి పేర్ల మీద. మూలంలో ప్రశ్నలకు ముందు కొన్ని తిండి రకాలు ఉదాహరణగా ఇస్తారు. తీపిలో ఐస్‌క్రీం, చాక్లెట్, డోనట్, కుకీలు. పిండి పదార్థాల్లో బ్రెడ్డు, పాస్తా, వరి అన్నం. ఉప్పు తిండిలో చిప్స్, ప్రెట్జెల్స్. కొవ్వు తిండిలో స్టేక్, బేకన్, బర్గర్, పిజ్జా. తీపి పానీయాల్లో సోడాలు. డోనట్ తీసేసి జిలేబీ, లడ్డూ, కజ్జికాయ, బేకరీ కేకు పెట్టడం తేలిక. ప్రెట్జెల్స్ బదులు మిక్చరు, జంతికలు, చేగోడీలు, ఉప్పూకారం వేసి వేయించిన పలాస జీడిపప్పు రాయొచ్చు. బేకన్ స్థానంలో బజ్జీ, పునుగు, చికెన్ పకోడీ, బండి మీది నూడుల్స్ వస్తాయి. చిక్కంతా అన్నంతోనే. అమెరికాలో అన్నం ఒక వంటకం. మనకు పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రీ అన్నమే. వరి కోతల రోజుల్లో కూలికి వెళ్లే మనిషి రెండింతలు తింటాడు. ‘మునుపటికంటే ఎక్కువ తింటే గాని తృప్తి కలగడం లేదా?’ అని అడిగితే ‘అవును’ అంటాడు. అది ఒళ్లొంచి చేసిన పని అడిగే తిండి. అలాగని జాబితాలోంచి అన్నాన్ని మొత్తంగా కొట్టేయడమూ తప్పే, అన్నం మీదే అదుపు తప్పేవాళ్లూ ఉంటారు. మా సూచన ఇది: ‘పూట భోజనంగా తినే అన్నం కాకుండా, ఆకలి లేకపోయినా మనసు లాగే అన్నం రకాలు’ అని వివరించి, బిర్యానీ, పులిహోర, ఫ్రైడ్ రైస్ ఉదాహరణగా ఇవ్వాలి. ఆ మార్పు ఎందుకు చేశారో కారణంతో సహా రాసిపెట్టాలి. రేపు ఇంకో జిల్లాలో వాడేవారికి అది తెలియాలి. టీ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చక్కెర వేసిన టీని తీపి పానీయాల్లో చేరిస్తే టీ మానిన రోజు వచ్చే తలనొప్పి తిండి వ్యసనం ఖాతాలో పడుతుంది. ఆ తలనొప్పి టీలోని కెఫీన్ వల్ల వచ్చేది. టీని జాబితాలోంచి తీసి, రోజుకు ఎన్ని కప్పులో విడిగా అడగడమే మేలు.

తర్వాతి మెట్టు ఆరు నుంచి పదిమంది నిపుణుల చేత ప్రతి ప్రశ్నకూ ‘సంబంధం లేదు’ (1) నుంచి ‘చాలా సంబంధం ఉంది’ (4) దాకా నాలుగు మెట్ల కొలతపై మార్కులు వేయించడం. మూడు, నాలుగు మార్కులు వేసినవారి వాటా 0.78 కంటే తగ్గిన ప్రశ్నను మళ్లీ రాయాలి. ఇది అందరూ చేస్తారు, తేలిగ్గానే అయిపోతుంది.

అందరూ దాటేసేది ఆ తర్వాతిది. 30 నుంచి 40 మంది మామూలు మనుషుల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ప్రశ్న చదివి వినిపించి, ‘ఇందులో మిమ్మల్ని ఏమడిగాం? మీ మాటల్లో చెప్పండి’ అనాలి. జవాబు చెప్పాక ‘ఏ రోజు సంగతి గుర్తుకొచ్చి అలా అన్నారు?’ అని అడగాలి. టెక్కలిలో ఆటో నడిపేవారు, నెల్లిమర్లలో ఇల్లు చూసుకునే గృహిణి, పలాసలో జీడిపప్పు ఒలిచే మహిళ, డిగ్రీ చదివే కుర్రాడు, చదువు రాని పెద్దాయన అందరూ ఈ 40 మందిలో ఉండాలి. ప్రశ్న వంకర ఇక్కడ బయటపడుతుంది.

ఒక ప్రశ్న తీసుకుందాం. ఒంట్లో బాగోలేనంతగా తిన్న సందర్భాల గురించి మూలం అడుగుతుంది. అనువాదకుడి చేతికి ‘ఆయాసం వచ్చేదాకా తిన్నారా?’ అనే మాట అందుతుంది. మన దగ్గర పెళ్లి భోజనం చేసి ‘ఆయాసమొచ్చేలా తిన్నాం’ అంటే వడ్డించినవారికి అదొక మెప్పు. కార్యాలకు వెళ్లే ప్రతివాళ్లూ ఈ ప్రశ్నకు ‘అవును’ అంటారు. ‘తిన్నాక కడుపునొప్పి, వాంతి, వికారం వచ్చేంతగా’ అని రాస్తే అడగదలచింది అడిగినట్టవుతుంది. అనుకున్నదానికంటే ఎక్కువ తినడం గురించిన ప్రశ్నకూ ఇదే గతి. ఇక్కడ వడ్డించే చెయ్యి వేరు, తినే చెయ్యి వేరు. ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని అత్తగారు మారు వడ్డిస్తుంటే కాదనలేక తిన్నది అదుపు తప్పడం కాదు. ‘ఎవరూ బలవంతం చేయకపోయినా’ అనే మూడు మాటలు చేరిస్తే తప్పుడు జవాబులు చాలా తగ్గుతాయి. తిండి ధ్యాసలో పడి ప్రమాదం కొనితెచ్చుకునే పరిస్థితిని అడిగే ప్రశ్నలో మూలం కారు నడపడాన్ని ఉదాహరణగా ఇస్తుంది. మనం మోటారు సైకిలు, రోడ్డు దాటడం, మిల్లులో మిషన్ మీద పని అని రాసుకోవాలి.

తినడం తగ్గించుకోవాలని చూసి విఫలమయ్యారా అనే ప్రశ్న ఇంకా సున్నితమైనది. కార్తీక సోమవారాలు, శనివారం ఒంటిపూట, రంజాన్ ఉపవాసం, అయ్యప్ప దీక్ష, భవానీ దీక్ష ఇవన్నీ తిండి తగ్గించడమే. దీక్ష విరమించాక మళ్లీ మాంసం తిన్నవాడు ‘మానాను, మళ్లీ మొదలెట్టాను’ అని నిజమే చెబుతాడు. స్కేలు దాన్ని ఓటమిగా రాసుకుంటుంది. ‘ఉపవాసం, దీక్ష కోసం కాకుండా’ అని విడదీయాలి. సర్వేను కార్తీకంలోనో, రంజాన్ నెలలోనో, సంక్రాంతి పిండివంటల వారంలోనో పెట్టుకోకపోవడం ఇంకా మంచిది. వ్యతిరేకార్థంలో అడగడం కూడా మానాలి. ‘తినకుండా ఉండలేకపోయారా?’ అంటే ‘అవునండి, ఉండగలిగాను’ అనేవారూ ఉంటారు, ‘లేదండి, ఉండలేను’ అనేవారూ ఉంటారు. రాసుకునే అమ్మాయి ఏ గడిలో టిక్కు పెట్టాలి?

ఎనిమిది జవాబుల్ని వరుసగా చదివి వినిపిస్తే చివరికొచ్చేసరికి మొదటివి గుర్తుండవు. రెండు అంచెల్లో అడగాలి. ముందు ‘ఈ ఏడాదిలో ఎప్పుడైనా జరిగిందా?’ అని, అవునంటే ‘నెలకు లెక్కా, వారానికి లెక్కా?’ అని, ఆపై ఎన్నిసార్లో. పల్లెల్లో వారాన్ని సంత నుంచి సంతకు లెక్కేస్తారు. ‘ఒక సంతకీ మళ్లీ సంతకీ మధ్య ఎన్ని రోజులు?’ అంటే జవాబు చటుక్కున వస్తుంది. ఏడు చుక్కల వారం, ముప్పై చుక్కల నెల గీసిన అట్టముక్క చేతికిస్తే చదువు రానివారూ వేలు పెట్టి చూపిస్తారు. 12 నెలల కాలాన్ని గుర్తుచేయడానికి తేదీలు పనికిరావు. విజయనగరంలో అక్టోబరులో అడిగితే ‘పోయినేడాది సిరిమానోత్సవం నుంచి’, శ్రీకాకుళం పల్లెల్లో జనవరి చివర అడిగితే ‘పోయినేడాది సంక్రాంతి నుంచి’ అనాలి.

ఫారం నెత్తిన ‘వ్యసనం’ అని పెద్ద అక్షరాలతో రాయకండి. ఆ మాట చూడగానే మగవాళ్లకు సారా గుర్తొస్తుంది, ఆడవాళ్లకు పరువు గుర్తొస్తుంది. ‘తిండి అలవాట్ల గురించి కొన్ని ప్రశ్నలు’ అంటే చాలు. అడిగే చోటు కూడా ముఖ్యమే. అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే పక్కింటివాళ్లు చేరతారు, కోడలి జవాబు అత్తగారే చెబుతుంది. విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో, బడి గదిలోనో ఒంటరిగా అడగాలి. ఊరి ఆశా కార్యకర్త చేత అదే ఊళ్లో అడిగించకూడదు, రోజూ చూసే మనిషికి ఇలాంటివి చెప్పుకోరు. ప్రతి సర్వేయరుకూ వచ్చిన ‘అవును’ల శాతాన్ని వారం వారం పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి మాత్రమే మిగతావారికి రెట్టింపు వస్తుంటే తేడా జనంలో లేదు, అడిగే తీరులో ఉంది.

జబ్బులు, మందులు చేసే మోసాన్ని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. షుగరుకు ఇన్సులిన్‌గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడేవారిలో చక్కెర పడిపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, తీపి నోట్లో వేసుకోగానే తగ్గుతుంది. స్కేలులో ‘ఆ తిండి తినకపోతే ఒంట్లో బాగోలేదు, తింటే కుదుటపడింది’ అనే లక్షణానికి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. దాన్ని వ్యసనం అని రాస్తే అపాయం, ఎందుకంటే ఆ మనిషి తీపి మానేయాలనుకుని ఆ క్షణంలో చక్కెర తినకపోతే స్పృహ తప్పవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు, ఒలాంజపిన్ వంటి మానసిక వైద్య మందులు ఆకలిని విపరీతంగా పెంచుతాయి. గర్భిణుల్నీ, పాలిచ్చే తల్లుల్నీ మొదటి విడత సర్వేలో చేర్చకపోవడమే మంచిది. ఇక ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఉప్పు, ఊరగాయ, ఎండుచేప తగ్గించమంటారు. ‘హాని అని తెలిసీ తింటూనే ఉన్నారా?’ అంటే చాలామంది తలూపుతారు. కూరలో ఎండుచేప ముక్క లేకపోతే ముద్ద దిగని ఇంట్లో అది తరాల అలవాటు, అందరికీ ఒకే కుండలో వండే వంట. ఫారంలో జబ్బు, వాడే మందు, డాక్టరు చెప్పిన పథ్యం తప్పనిసరిగా రాసుకుని, ఆ గుంపును విడిగా లెక్కకట్టి చూడాలి.

అసలు సర్వేకు ఎంతమంది కావాలి? ప్రశ్నకు పదిమంది అనే పాత లెక్కతో 13 ప్రశ్నలకు 130 మంది సరిపోతారని అనుకుంటారు. సరిపోరు. ఇక్కడ విశ్లేషించేది ఉంది, లేదు అనే రెండు విలువలనే. కొన్ని లక్షణాలు నూటికి ముగ్గురు నలుగురిలోనే కనిపిస్తాయి. 130 మందిలో అలాంటి రెండు లక్షణాలూ కలిసి ఉన్నవారు ఒక్కరూ దొరక్కపోవచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే లెక్క ముందుకు సాగదు, సాగినా తప్పుడు సంఖ్య వస్తుంది. కనీసం 400 మందిని తీసుకోవాలి. అందులో షుగరు ఓపీకి, బరువు తగ్గే సలహాలకు వచ్చేవారి వాటా కావాలని పెంచాలి. అందరూ కాలేజీ పిల్లలే అయితే ఆ స్కేలు కాలేజీ పిల్లలకే పనికొస్తుంది. లక్షణాలు ఎలా గుంపులు కడతాయనే నిర్మాణాన్ని వెతకడానికి వాడిన జవాబులతోనే దాన్ని రుజువు చేయకూడదు. దానికి వేరే జనం కావాలి.

లెక్క ఇలా ఉంటుంది. లక్షణాల మధ్య టెట్రాకోరిక్ సహసంబంధాలు (ఉంది, లేదు అనే జవాబులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే లెక్క) తీసి, అన్నీ ఒకే కారకం, అంటే వెనకున్న ఒకే మూలం కిందికి వస్తాయా అని కన్ఫర్మేటరీ ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేస్తారు. ఆ అమరిక ఎంత కుదిరిందో చెప్పే కొలతల్లో సీఎఫ్ఐ 0.95కు తగ్గకుండా, ఆర్ఎంఎస్ఈఏ 0.06కు, ఎస్ఆర్ఎంఆర్ 0.08కు మించకుండా ఉంటే అమరిక బాగున్నట్టు. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లావాన్ ప్యాకేజీతో చేయొచ్చు, కానీ ఈ విలువలు ఉంది, లేదు అనే వర్గాలని దానికి చెప్పాలి. చెప్పకపోతే సున్నా, ఒకట్లను మామూలు మార్కుల్లా తీసుకుని నమ్మరాని ఫలితమిస్తుంది. లక్షణాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అనే అంతర్గత పొందిక కోసం కూడర్–రిచర్డ్‌సన్ 20 సూత్రం 0.70 పైన రావాలి. 0.95 దాటితే సంతోషించకండి, ఒకే ప్రశ్నను మాట మార్చి అడిగి ఉంటారు, లేదా సర్వేయరు ముఖం చూసి జనం అన్నిటికీ ‘అవునండి’ అని ఉంటారు. ఏదైనా లక్షణం కారకంతో 0.40 కంటే తక్కువగా ముడిపడితే దాన్ని గబుక్కున కొట్టేయకూడదు. ఆ 40 మంది చెప్పిన జవాబుల నోట్సు తిరగేస్తే కారణం అక్కడే దొరుకుతుంది. ఆడవారికీ మగవారికీ, పల్లెకూ పట్నానికీ ప్రశ్నలు ఒకేలా పనిచేస్తున్నాయో లేదో కూడా చూడాలి. ప్రతి గుంపులో 200 మందైనా లేకుండా ఆ పోలిక పెట్టుకోవద్దు.

తిండి వ్యసనానికి తిరుగులేని నిర్ధారణ పరీక్ష లేదు కాబట్టి, స్కేలు దగ్గరి బంధువులతో ఎంత కలుస్తుందో చూస్తారు. బింజ్ ఈటింగ్ స్కేలు, ముందూవెనకా చూడకుండా తొందరపడే గుణాన్ని కొలిచే బ్యారట్ స్కేలు అందుకే వాడతారు. వాటిని కూడా హడావిడిగా తెలుగు చేసి పక్కన పెట్టడం పరిపాటి. ముద్ర వేయని ఒక రాయిని ముద్ర వేయని ఇంకో రాయితో తూచి సరిగ్గా ఉందనుకోవడమే అది. తెలుగులో సరిచూసిన కొలత లేనిచోట, స్కోరు తెలియని మానసిక వైద్యుడు 60 మందితో స్వయంగా మాట్లాడి రాసిన అభిప్రాయమే నమ్మదగినది. దానికి తోడు బరువు, ఎత్తు, నడుము చుట్టుకొలత మనమే కొలవాలి. నోటిమాటగా చెప్పినవి తీసుకోకూడదు. మన దేశస్తులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 హద్దు. బీఎంఐతో సంబంధం ఓ మోస్తరుగా ఉంటే చాలు. సన్నగా ఉండీ తిండి మీద అదుపు తప్పేవారు ఉంటారు. లావుగా ఉన్నవారంతా వ్యసనపరులు అసలే కారు.

అదే మనిషిని రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే అదే జవాబు రావాలి. లక్షణాల సంఖ్య రెండుసార్లూ ఎంత కలిసిందో చెప్పే ఐసీసీ 0.70 పైన ఉండాలి. ఉంది, లేదు అనే తీర్పుకు కప్పా విలువ (కాకతాళీయంగా కలిసినవి తీసేసి తీర్పు ఎంత కలిసిందో చెప్పే లెక్క) చూస్తారు. అయితే ఉన్నవారు మరీ తక్కువమందైతే నూటికి 95 మంది విషయంలో తీర్పు మారకపోయినా కప్పా తక్కువగా కనిపిస్తుంది. అందుకని ఏకీభావ శాతాన్ని కూడా పక్కనే ఇవ్వాలి.

ఇంత చేశాక కూడా ఈ తెలుగు ప్రశ్నావళి సవర, ఒడియా ఇంట్లో మాట్లాడేవారికి చెల్లదు. ఇచ్ఛాపురం సరిహద్దు ఊళ్లలోనో, సీతంపేట కొండల్లోనో తెలుగు అర్థమవుతుంది కదా అని అడిగేయడం తప్పు. పైగా ఏడాదిలో కొన్ని నెలలు తిండికి కటకటలాడే ఇంట్లో, దొరికిన రోజు కడుపు పట్టినంత తినడం లేమి వల్ల జరిగేది. ఇంట్లో తిండి గింజలకు కొరత ఎప్పుడైనా వచ్చిందా అనే ప్రశ్న ఈ ఫారంలో ఉండి తీరాలి.

స్కేలు బాగా పనిచేసినా శాతాలు ఎలా మోసం చేస్తాయో ఒక ఊహా లెక్కతో చూపిస్తాం. వెయ్యి మందిలో 50 మందికి నిజంగా బింజ్ ఈటింగ్ రుగ్మత ఉందనుకుందాం. స్కేలు వారిలో 40 మందిని పట్టుకుంది. మిగతా 950 మందిలో నూటికి పదిమందిని పొరపాటున పట్టుకుంది, అంటే 95 మంది. మొత్తం 135 మందికి ‘ఉంది’ అని వచ్చింది. నిజంగా ఉన్నది 40 మందికి, మూడో వంతు కూడా కాదు. ఈ 135ను శీర్షికలో వేస్తే 95 ఇళ్లలో లేని జబ్బు పెట్టినవాళ్లమవుతాం.

అనుమానం వచ్చినవారిని ఏం చేయాలన్నది సర్వే మొదలెట్టకముందే తేల్చుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రంలోనే అది ఉండాలి. ‘నీకు తిండి వ్యసనం’ అని చెప్పి పంపేస్తే చాలామంది పస్తులకు దిగుతారు. పస్తు ముదిరిన రాత్రి మళ్లీ అదుపు తప్పి తింటారు, ఆ చక్రం ఇంకా బిగుస్తుంది. దానికి బదులు వేళకు మూడు పూటలా తినమని చెప్పి, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి చీటీ రాసివ్వాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి ఫారం అడుగున అచ్చు వేయాలి.

ఈ పని ఏ ఒక్క కాలేజీ చేయగలిగింది కాదు. రెండు జిల్లాల మెడికల్ కాలేజీలు, నర్సింగ్ కాలేజీలు, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కలిసి ఒకే అనువాదంతో, ఒకే పద్ధతితో చేస్తే 400 మంది పెద్ద సంఖ్య కాదు. ఏటా విద్యార్థులు ఎవరికి వారు కొత్తగా తెలుగు చేసుకుని చేసే చిన్న చిన్న ప్రాజెక్టుల శ్రమ అంతా ఇందులోకి మళ్లించవచ్చు. తేలిన తెలుగు రూపాన్ని, లెక్క కట్టే పట్టికతో సహా, అందరికీ ఉచితంగా ఇవ్వాలి.

పత్రికలకు మా విన్నపం ఒక్కటే. ఇలాంటి ప్రశ్నల పట్టిక గానీ, ఇంత శాతం మందికి ఉందనే వార్త గానీ అచ్చు వేసేముందు నాలుగు సంగతులు అడిగి, వాటిని కూడా అచ్చు వేయండి: ఏ స్కేలు, ఏ రూపం; తెలుగులో ఎక్కడ, ఎంతమంది మీద సరిచూశారు; బాధ, ఇబ్బంది అడిగే రెండు ప్రశ్నలు ఉన్నాయా; ‘ఉంది’ అని వచ్చినవారిని డాక్టరు చూశారా. ఈ నాలుగింటికీ జవాబు లేని పట్టికను దయచేసి ఆపేయండి.

ఇట్లు,
ప్రజారోగ్యం, పోషకాహారం, మానసిక వైద్యం రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
శ్రీకాకుళం, విజయనగరం